సీఓటూ ఎంత వదలాలి: బుడగల లెక్క, డ్రాప్ చెకర్, సిలిండర్

అందరికీ నమస్కారం. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ సభ్యులు చాలామంది "మొక్కలున్న అక్వేరియంలో సీఓటూ (కార్బన్ డయాక్సైడ్ గ్యాస్) సెకనుకు ఎన్ని బుడగలు పెట్టాలి?" అని అడుగుతున్నారు. ఒకరి అంకె ఇంకొకరికి పనికిరాదండి. బబుల్ కౌంటర్‌ను (గ్యాస్ బుడగలుగా వెళ్లడం కనిపించే చిన్న గొట్టం) బట్టి బుడగ సైజు మారిపోతుంది. మన ట్యాంకులో నిన్నటికీ ఇవాళ్టికీ తేడా వచ్చిందా అని చూసుకోవడానికే ఆ లెక్క.

నమ్మాల్సింది డ్రాప్ చెకర్‌ని, అంటే నీళ్లలో సీఓటూ ఎంతుందో రంగుతో చూపే, ట్యాంకులో పెట్టే చిన్న పరికరాన్ని. అందులో ట్యాంకు నీళ్లు కాదు, 4 డీకేహెచ్ ద్రావణమే (కార్బొనేట్ కఠినత్వం 4 డిగ్రీలుగా కలిపిన నీళ్లు, రంగు మారే ఇండికేటర్‌తో) పోయాలి. ఆకుపచ్చ వస్తే సీఓటూ సుమారు 30 పీపీఎం (పది లక్షల్లో 30 భాగాలు). నీలం అంటే తక్కువ, పసుపు అంటే చేపలకు ప్రమాదం. రంగు మారడానికి గంటా రెండు గంటలు పడుతుంది కాబట్టి నీడిల్ వాల్వ్ (గ్యాస్‌ను కొద్దికొద్దిగా సర్దే వాల్వ్) కొద్దిగా తిప్పి ఆగండి. తొందరపడి మళ్లీ మళ్లీ తిప్పితే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. అలా కనిపిస్తే రంగు కోసం చూడొద్దు, వెంటనే గ్యాస్ ఆపి ఎయిర్ పంపు పెట్టేయండి. రాత్రి లైట్లు ఆరాక గ్యాస్ అక్కర్లేదు, సోలినాయిడ్‌ను (కరెంటుతో గ్యాస్ తెరిచి మూసే వాల్వ్) టైమర్‌కి కలపండి.

సిలిండర్ ప్రెషర్ మీటర్ చూసి గ్యాస్ ఎంతుందో చెప్పలేం. లోపల ద్రవం ఉన్నంతవరకు ముల్లు దాదాపు అక్కడే ఉంటుంది. తూకం వేస్తేనే తెలుస్తుంది. ముల్లు పడటం మొదలయ్యాక సింగిల్ స్టేజ్ రెగ్యులేటర్ (సిలిండర్ ప్రెషర్‌ను ఒకే దశలో తగ్గించేది) ఉన్నవాళ్లు జాగ్రత్త, గ్యాస్ ఒక్కసారిగా ఎక్కువ రావచ్చు.

31 డిగ్రీలు దాటితే సీఓటూ ద్రవంగా ఉండదు, సిలిండర్‌లో ప్రెషర్ పెరుగుతూ పోతుంది. మన ఎండలు తెలిసిందే కదా. బాల్కనీలో పెట్టినవాళ్లు దయచేసి ఇవాళే గాలి ఆడే నీడలోకి మార్చి, నిలబెట్టి కట్టండి.

4 డీకేహెచ్ ద్రావణం దొరకనివాళ్లు ఇక్కడే చెప్పండి, నా దగ్గర ఉన్నది బరంపురంలో ఇస్తాను.