బోల్టులు కలిస్తే కార్బొరేటర్ కలిసినట్టు కాదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ ఉత్తరాల పేజీలో తిరుపతి పాఠకుడొకరు తన గోడు చెప్పుకున్నారు. పాత మారుతి జిప్సీకి కొత్త కార్బొరేటర్ (గాలిలో పెట్రోలు కలిపి ఇంజిన్‌కు పంపే భాగం) వేయించినా తిరుమల వెళ్లే ఘాట్ రోడ్డులో బండి దగ్గి దగ్గి ఆగిపోతోందట. ఇదంతా ఇథనాల్ కలిపిన పెట్రోలు మహిమేనని ఆయన తేల్చేశారు. చిత్తూరులో పాత పెట్రోలు జీపులు, జిప్సీల పని చేసుకునేవాణ్ని కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇథనాల్‌ను వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. కానీ అసలు అడగాల్సిన ప్రశ్న ఆయన అడగలేదు. ఆ కొత్త కార్బొరేటర్ ఏ ఇంజిన్ కోసం చేసింది?

మా వైపు స్పేర్ పార్టుల అంగళ్లలో "జిప్సీకి ఉందా?" అంటే చాలు, పెట్టె తీసి కింది బోల్టు రంధ్రాలు సరిపోతాయో లేదో చూసి ఇచ్చేస్తారు. జిప్సీ అంటే ఒకటే బండి కాదు. 1985లో వచ్చింది 970 సీసీ. 1996లో వచ్చిన జిప్సీ కింగ్ 1,298 సీసీ. 2000లో ఎంపీఎఫ్ఐ, అంటే కంప్యూటర్ లెక్కతో పెట్రోలు చిమ్మే పద్ధతి, వచ్చాక ఆ బండ్లకు కార్బొరేటరే లేదు. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ రెండు చుట్లు తిరిగేసరికి తన సీసీ అంత గాలి పీలుస్తుంది. నిమిషానికి 5,000 చుట్ల దగ్గర పాత జిప్సీకి లెక్క ప్రకారం 2,425 లీటర్ల గాలి కావాలి, కింగ్‌కు 3,245 లీటర్లు. అసలు పీల్చేది ఇంతకన్నా తక్కువే అయినా తేడా మాత్రం తేడానే. అడాప్టర్ ప్లేటు కోయించి మారుతి 800 కార్బొరేటర్ బిగించే మహానుభావులూ ఉన్నారు. అది 796 సీసీ ఇంజిన్‌ది. ఊళ్లో తిరిగినంతసేపు బాగానే ఉంటుంది, ఘాట్‌లో ఊపిరాడదు.

కుర్రవాళ్లది దీనికి తిరగబడ్డ పిచ్చి. పెద్ద కార్బొరేటర్ పెడితే పవర్ వస్తుందనుకుంటారు. కార్బొరేటర్‌లో గాలి పోయే సన్నని గొంతు, అంటే వెంచురి, పెద్దదైతే తక్కువ స్పీడులో గాలి వేగం పడిపోతుంది, పెట్రోలు సన్నగా చిమ్మడానికి బదులు బొట్లుగా పడుతుంది. ఫోర్ వీల్ వేసి రాళ్లలో మెల్లగా ఎక్కాల్సిన బండికి కావలసింది ఆ తక్కువ స్పీడులో లాగుడే కదా!

ఇంకొకటి ఉంది, దీన్ని అంగళ్లలో ఎవరూ చెప్పరు. బంగారుపాళ్యం వైపు తోతాపురి తోట ఉన్న రైతు ఒకాయన 2.2 లీటర్ల హరికేన్ ఇంజిన్ ఉన్న పాత సీజే3బీ జీపు తెచ్చారు. ఏదో కారుకు చేసిన కొత్త కార్బొరేటర్ దానికి బిగించి ఉంది. చదునులో ఐడిలింగ్ గడియారంలా ఉంది. తోట గట్టెక్కితే ఆగిపోతుంది, దిగేటప్పుడు నల్లపొగ, పెట్రోలు వాసన. "ఇంత దుడ్డు పెట్టి కొత్తది కొంటి గదప్పా, ఇంకా ఏమి దీని రోగం?" అన్నారాయన. కార్బొరేటర్ కొత్తదే, దానిలో పెట్రోలు నిలవుండే ఫ్లోట్ గిన్నె ఉన్న దిక్కు వేరు. గొంతుకు వెనక వైపు గిన్నె ఉంటే ఎత్తెక్కేటప్పుడు పెట్రోలు మట్టం, గొంతులోకి పెట్రోలు చిమ్మే నాజిల్ కన్నా కిందికి పోతుంది, ఇంజిన్‌కు పెట్రోలు అందదు. దిగేటప్పుడు నాజిల్ కన్నా పైకి వచ్చి పొర్లుతుంది. ముందు వైపు ఉంటే ఇదే తిరగబడుతుంది. చదును రోడ్డు మీద నడిచే కారుకు ఇది లెక్కలోకి రాదు, జీపుకు ప్రాణం. అదృష్టం కొద్దీ ఆయన పాతది పారేయలేదు. దాన్ని విప్పి కడిగి, నీడిల్ వాల్వు, గాస్కెట్లు మార్చి, అరిగిన థ్రాటిల్ షాఫ్టుకు బుష్‌లు వేసి ఫ్లోట్ లెవెల్ సరిచేశాం. ఇప్పుడు కాయ క్రేట్లతో ట్రైలర్ లాగుతోంది. పాత ఒరిజినల్ బాడీ పగలకుండా, వంగకుండా ఉంటే కొత్తది కొనకపోవడమే మేలని నా అభిప్రాయం. అంగడివాళ్లకు కోపం వచ్చినా సరే.

పెట్రోలు సంగతికి వస్తాను. ఇథనాల్ లేని పెట్రోలుకు ఒక కిలోకు 14.7 కిలోల గాలి సరిపోతే, ఇప్పుడు బంకుల్లో పోసే 20 శాతం ఇథనాల్ పెట్రోలుకు సుమారు 13.5 కిలోలే సరిపోతుంది. అంటే అదే గాలికి తొమ్మిది శాతం దాకా ఎక్కువ పెట్రోలు కావాలి. ఎంపీఎఫ్ఐ బండిలో సెన్సర్ చూసి కంప్యూటర్ సర్దుకుంటుంది. కార్బొరేటర్‌లో పెట్రోలు కొలిచేది జెట్ అనే ఒక ఇత్తడి రంధ్రం, దానికేం తెలుసు? సోలెక్స్ కంపెనీ జెట్ మీద 120 అని ఉంటే రంధ్రం 1.20 మిల్లీమీటర్లని అర్థం. 125 వేస్తే రంధ్రం వైశాల్యం ఎనిమిది శాతం పైన పెరుగుతుంది. అంటే జెట్ మారిస్తే దాదాపు సరిపోయే సమస్య ఇది. కానీ వేరే కంపెనీ జెట్ మీద అంకెకు ఇదే అర్థం ఉండాలని లేదు. సూదులు, డ్రిల్ బిట్లు పెట్టి జెట్లను పొడిచేవాళ్ల చేతికి మాత్రం బండి ఇవ్వకండి.

పెట్రోలు మీద నెట్టే మరో తప్పు ఎండాకాలంలో కనబడుతుంది. కాసేపు ఆపిన బండి మళ్లీ స్టార్టు కాదు. ఇంజిన్‌లోకి గాలి, పెట్రోలు తీసుకెళ్లే మానిఫోల్డుకూ కార్బొరేటర్‌కూ మధ్య వేడి ఆపడానికి ఉండాల్సిన మందపాటి బేకలైట్ ముక్కను కొత్తది బిగించేటప్పుడు తీసేసి ఉంటారు, గిన్నెలో పెట్రోలు మరిగిపోతుంది. ఇథనాల్ నీటిని పీలుస్తుంది కూడా. కాయ సీజన్ అయ్యాక నెలల తరబడి నిలబెట్టే జీపుల్లో గిన్నె ఖాళీ చేసి పెట్టండి.

ట్యూనింగ్ అంటే స్క్రూ తిప్పడం కాదు. ముందు ట్యాపెట్లు (వాల్వుల సందు), పాయింటు గ్యాపు, టైమింగ్ (ప్లగ్గు నిప్పురవ్వ వేసే సమయం) సరిగా ఉండాలి, ఎక్కడా గాలి లాగకూడదు. ఇంజిన్ బాగా వేడెక్కాకే మిక్చర్ స్క్రూ ముట్టుకోవాలి. మెయిన్ జెట్ సంగతి షెడ్డులో తేలదు. నేనైతే మొగిలి ఘాట్ ఎక్కించి, లాగుతుండగానే ఇంజిన్ ఆపి ప్లగ్గు విప్పి చూస్తాను. తెల్లగా ఉంటే పెట్రోలు చాలడం లేదు, మసి పడితే ఎక్కువైంది. హార్స్‌లీ హిల్స్ వైపు తిరిగే బండికి మళ్లీ చూసుకోవాలి, నాలుగు వేల అడుగుల పైన గాలి పలచన.

పొల్యూషన్ చెక్ చేసే చోట ఇచ్చే కాగితాన్ని పాసా ఫెయిలా అని చూసి జేబులో పెట్టుకుంటారు. బీఎస్-2 అనే పొగ ప్రమాణం రాకముందు బండ్లకు ఐడిలింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం దాటకూడదని నిబంధన. ఆ అంకె మెకానిక్‌కు చూపిస్తే ఐడిల్ మిక్చర్ ఎలా ఉందో చాలావరకు అర్థమవుతుంది.

కార్బొరేటర్ అమ్మేవాళ్లు పెట్టె మీద ఇంజిన్ సీసీ, వెంచురి కొలత, జెట్ల నంబర్లు అచ్చు వేయాలి. వేయనిది అంగడివాళ్లు తిప్పి పంపాలి. మన ఐటీఐలలో మోటార్ మెకానిక్ చదివే పిల్లలకు కార్బొరేటర్ విప్పడం చేత్తో నేర్పించాలి. మార్చి పక్కన పెట్టిన పాతవి నా షెడ్డులో చాలా ఉన్నాయి. ఏ ఐటీఐ వాళ్లు వచ్చి అడిగినా ఉచితంగా ఇస్తాను.

ఇట్లు,
ఒక జీపు మెకానిక్, చిత్తూరు