పాపని సినిమా ముందు ఒంటరిగా కూర్చోబెట్టాను

కావలి,
జూన్ 18.

బుజ్జమ్మా,

మొన్న ఫోన్లో నువ్వు మాట్లాడినంతసేపూ ఊఁ కొట్టడం తప్ప ఏమీ అనలేకపోయాను. ఫోన్లో అయితే నీకు కోపం వస్తుంది, నాకు గొంతు పూడుకుపోతుంది, అసలు మాట మధ్యలోనే ఆగిపోతుంది. అందుకని ఈ ఉత్తరం. పాప నిద్రపోయాక తీరిగ్గా చదువు.

"నాన్నా, నువ్వు అమ్మని ఎప్పుడూ కొట్టవెందుకు? సినిమాలో కొడితే ఆ ఆంటీ మంచిదైపోయింది కదా!" అని పాప అడిగిందని, అల్లుడు కలుపుకున్న ముద్ద వదిలేసి లేచిపోయారని నువ్వు చెప్తుంటే నాకు ఒళ్లు చల్లబడిపోయింది. ఎనిమిదేళ్ల పిల్ల. వేసవి సెలవులకి అమ్మమ్మ ఇంటికొచ్చి నేర్చుకుపోయింది ఇదా అని ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు.

ఆ మధ్యాహ్నం నాకు బాగా గుర్తుంది. ఆవకాయకి కాయలు కొట్టించుకొచ్చి వంటింట్లో చాప మీద పోసుకుని కూర్చున్నాను. జీడి తీసి, టెంకకి అంటుకున్న పల్చటి పొర గీకి, ఒక్కో ముక్కా పొడిబట్టతో తుడుస్తున్నా. హాల్లో పాత సినిమా వస్తోంది. చెంపదెబ్బ చప్పుడు నాకు వినపడింది. ఆ వెంటనే వీణ మీద ఏడుపు, ఆ తర్వాత "నా కళ్లు తెరిపించారండీ" అనే ధోరణి మాటలు. అది ఏ సీనో చూడకుండానే తెలిసిపోయింది. లేచి వెళ్లి పాప పక్కన కూర్చోవాల్సింది. ఇంకో గంపెడు ముక్కలున్నాయి, తడి తగలకుండా పని కానిద్దాం అనుకున్నాను. కూర్చోబెట్టింది నేను, వదిలేసింది నేను. ఈ తప్పు నాదే, దీన్ని సినిమా మీదికి తొయ్యను.

కానీ నువ్వు చివర్లో అన్న మాట దగ్గర నాకు అడ్డం పడింది. "ఇంక పాత సినిమాలన్నీ బంద్ అమ్మా, అసలు వాటిని ఎవరికీ చూపించకూడదు" అన్నావు. మొదటి సగం నీ ఇల్లు, నీ పిల్ల, నీ ఇష్టం. రెండో సగం మాత్రం ఒప్పుకోలేను. ఎందుకో చెప్తాను.

నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది. నాకు పదేళ్లప్పుడు మా ఊళ్లో టూరింగ్ టాకీసు ఉండేది. నేల టికెట్టులో ఇసక మీద కూర్చునేవాళ్లం, ఆడవాళ్లకీ మగవాళ్లకీ మధ్య మోకాలెత్తు పిట్టగోడ. ఒకరోజు మీ అమ్మమ్మకి కుదరక, నన్ను పక్కింటి అక్క వెంట పంపింది. సినిమాలో హీరో పెళ్లాన్ని లాగి కొట్టాడు. గోడకి అవతల ఒకటే ఈలలు. ఇవతల మన ఆడవాళ్లు కూడా చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. కొడుతూ పక్కకి చూశాను. అక్క చప్పట్లు కొట్టడం లేదు. తల వంచుకుని, పోయిన చెప్పుని వెతుకుతున్నట్టు ఇసకలో చెయ్యి పెట్టి కదుపుతోంది. చెప్పులు రెండూ ఆమె కాళ్లకే ఉన్నాయి. తెర మీది వెలుగు పడినప్పుడు కంటి కింద కమిలిన మచ్చ కనిపించింది. పొద్దున బావి దగ్గర అడిగితే గడప తగిలిందని చెప్పింది అదే. నా చేతులు ఆగిపోయాయి. ఆ తర్వాత ఏ సినిమాలోనూ ఆ సీనుకి నేను చప్పట్లు కొట్టలేదు.

ఆ రోజు ఆ సినిమా చూడకపోతే నేను అక్కని చూసేదాన్ని కాదేమో. హాలు మొత్తం దేనికి సంబరపడిందో ఆ తెర నాకు చూపించింది. మా తల్లుల కాలం ఎట్టా ఉండేదో పాప పెద్దయ్యాక నన్ను అడిగితే నేను నోటితో ఎంత చెప్పినా నమ్మదు. ఈలలతో సహా సాక్ష్యం ఆ సినిమాల్లోనే ఉంది. అది తీసేస్తే, అంతా మంచిగానే ఉండేదనే మాట మిగులుతుంది.

'గుండమ్మ కథ' సంగతి చూడు. 1962లో వచ్చింది, నేను పుట్టిన ఏడాదే. మన ఇంట్లో అందరికీ నోటికొచ్చిన సినిమా. గంటయ్యగా వేసిన రమణారెడ్డి మన నెల్లూరు జిల్లా మనిషే అని మీ నాన్న ప్రతిసారీ గర్వంగా చెప్పేవారు. అందులో సరోజకి పొగరని, మొగుడు పేదవాడిలా నటించి, ఆమెని ఇంట్లోంచి తీసుకెళ్లి ఒళ్లొంచి పని చేయించి మారుస్తాడు. చిన్నప్పుడు పడీ పడీ నవ్వాను. పెళ్లయి కాపురానికి వెళ్లాక, నేను బీఈడీ చదువుతానంటే అక్కడ ఒక పెద్దావిడ నవ్వుతూనే "సరోజని దారికి తెచ్చినట్టు తెస్తే సరిపోతుందిలే" అంది. చుట్టూ ఉన్నవాళ్లందరూ నవ్వారు. ఆ నవ్వు నలభై ఏళ్లయినా నాకు మరుపుకి రాలేదు. అయినా ఆ సినిమా అంటే నాకు ప్రాణం. సవితి కూతురు లక్ష్మి వంటింట్లో పడే చాకిరీ చూసి గుండె పిండేసినట్టయ్యేది కూడా అదే సినిమాలో. మహిళాలోకం నిద్ర లేచిందని పాట ఉన్నదీ అందులోనే. ఒకే సినిమాలో ఒక ఆడపిల్ల కష్టానికి కన్నీళ్లు, ఇంకో ఆడపిల్ల మెడ వంచితే నవ్వులు. ఈ రెండూ పక్కపక్కనే ఎట్టా ఉన్నాయో మాట్లాడుకోవడానికి దానికంటే మంచి పాఠం నాకు దొరకదు. సూర్యకాంతం గారిని చూసి ఆ పేరు పిల్లలకి పెట్టడమే మానేశారంటారు. సినిమాకి అంత బలం ఉందని ఒప్పుకుంటున్నాను. ఉంది కాబట్టే పక్కన మనిషి ఉండాలంటున్నాను.

నువ్వు అమెరికా వాళ్ల ఉదాహరణ చెప్పావు. డిస్నీ వాళ్లు 1946లో తీసిన 'సాంగ్ ఆఫ్ ది సౌత్'ని వాళ్లే పక్కన పెట్టేశారని, 1986 తర్వాత అక్కడి థియేటర్లలో వెయ్యలేదని, వాళ్ల ఓటీటీలో కూడా పెట్టలేదని అన్నావు. నిజమే. తోటల్లో నల్లవాళ్ల బతుకు హాయిగా సాగిపోయినట్టు చూపించిన సినిమా అది, వచ్చినప్పుడే వాళ్ల సంఘాలు తప్పు పట్టాయి. కానీ నేను చదువుతూ పోతే ఒక చోట ఆగిపోయాను. అందులో పిల్లలకి కథలు చెప్పే తాతగా వేసినాయన జేమ్స్ బాస్కెట్. ఆ సినిమా మొదటి ఆట అట్లాంటాలో వేస్తే ఆయన వెళ్లలేకపోయాడు. ఆ ఊళ్లో తెల్లవాళ్లకీ నల్లవాళ్లకీ అన్నీ వేరువేరు. ఆ వేషానికే 1948లో ఆయనకి గౌరవ ఆస్కార్ ఇచ్చారు, ఆ ఏడాదే చనిపోయాడు. బుజ్జమ్మా, ఆ సినిమాని బీరువాలో పెట్టి తాళం వేస్తే ఎవరి పరువు దక్కుతుంది? తీసిన కంపెనీది. పోయేది ఆయన ముఖం, ఆయన గొంతు, ఆయనకి జరిగిన అవమానం.

అట్లాగని దాన్ని కూడా పిల్లల బొమ్మల సినిమా కింద వేసి వదిలెయ్యమనను. 'డంబో', 'పీటర్ పాన్' లాంటివాటిని ఆ కంపెనీయే 2021లో చిన్నపిల్లల ప్రొఫైళ్లలోంచి తీసి, పెద్దవాళ్లకి మాత్రం ముందు ఒక హెచ్చరిక వేసి ఉంచింది. ఆ పద్ధతిలో సగం నాకు నచ్చింది, వయసు చూడటం. హెచ్చరిక మీద మాత్రం పెద్ద ఆశ లేదు. పొగ తాగడం హానికరం అని మన హాళ్లలో ప్రతి సినిమాకీ వేస్తారు, దాన్ని చదివి బీడీ పారేసిన మనిషిని నేను చూడలేదు. అక్షరాలు చేసే పని కాదది. పక్కన కూర్చున్న మనిషి మొహం చేసే పని.

మన దగ్గర జరిగింది కూడా చూశాం కదా. 2022 జనవరిలో 'చింతామణి' నాటకాన్ని ప్రభుత్వం నిషేధించింది. కాళ్లకూరి నారాయణరావు గారు వేశ్యావ్యసనం మాన్పించాలని రాసిన వందేళ్ల నాటి నాటకం. సుబ్బిశెట్టి పాత్రతో తమని కించపరుస్తున్నారని వైశ్యులు ఎప్పటినుంచో బాధపడ్డారు. ఆ బాధ అబద్ధం కాదు. స్కూల్లో నా పక్క బెంచీ అమ్మాయిని వాళ్ల నాన్న కొట్టు పెట్టుకున్న పాపానికి మగపిల్లలు ఆ పేరుతోనే పిలిచేవారు, అది ఇంటర్వెల్లో బయటికి రావడం మానేసింది. తిరునాళ్లలో జనాన్ని నవ్వించడానికి సొంతంగా కలిపిన బూతులు ఆపించమంటే నేనే ముందు సంతకం పెడతాను. నాటకం మొత్తాన్నే ఆపేస్తే నాకు మనసొప్పలేదు.

నిషేధం ఎప్పుడూ బలహీనుడి వైపే ఉంటుందని కూడా అనుకోకు. గూడవల్లి రామబ్రహ్మం గారు 1939లో జమీందారీకి ఎదురుగా 'రైతుబిడ్డ' తీస్తే, దాన్ని ఆపించింది రైతులు కాదు. దానికి ముందు ఏడాది ఆయనే తీసిన సినిమా పేరు 'మాలపిల్ల'. ఈ రోజు ఆ మాట పోస్టరు మీద చూస్తే నువ్వు ఉలిక్కిపడతావు, పడాలి కూడా. కానీ హరిజనుల ఆలయ ప్రవేశం కోసం గొంతెత్తిన సినిమా అది. పేరొక్కటి చూసి తీసేసే చేతికి లోపల ఏముందో చూసే ఓపిక ఉండదు.

తెలుగు టీచరుగా ముప్పై ఏళ్లు చేశాను, విరాటపర్వం చెప్పిన ప్రతిసారీ ఇదే ప్రశ్న నాకు ఎదురైంది. నిండు సభలో కీచకుడు ద్రౌపదిని కాలితో తన్నాడు. ధర్మరాజు చూస్తూ కూర్చున్నాడు. అమ్మాయిల ముందు ఇది చెప్పాలా? చెప్పాను. మన నెల్లూరు తిక్కన ఆ అవమానాన్ని దాచలేదు, కానీ చదివేవాళ్లని కీచకుడి పక్కన కూర్చోనివ్వడు. ఆమె కన్నీళ్ల పక్కనే ఉంచుతాడు, అర్ధరాత్రి వంటశాలలో భీముడిని లేపేదాకా ఆమె వెంటే నడిపిస్తాడు. మన పాత సినిమాల్లో చాలావాటికి లేనిది అదే. తెర మీద దెబ్బ ఉండటం ఒక్కటే అయితే ఇంత గొడవ లేదు, కెమెరా కొట్టినవాడి భుజం మీద చెయ్యేసి నిలబడుతుంది. ఆ లోటుని చూసేవాళ్లు పూడ్చాలి. ఎనిమిదేళ్ల పిల్ల ఒక్కతే పూడ్చలేదు. నేను చెయ్యాల్సిన పని అది, మామిడికాయ ముక్కల కోసం మానేశాను.

అందుకని నేను అనుకున్నది ఇది. నల్లగా ఉన్న మనిషిని, నత్తి ఉన్న మనిషిని వెక్కిరించడమే కామెడీగా నడిచే సినిమాలు పాప ఉండగా ఈ ఇంట్లో పెట్టను. అందులో ఇంకేమీ లేదు కాబట్టి మాట్లాడటానికీ ఏమీ ఉండదు. మిగతావి నేను కానీ నువ్వు కానీ పక్కన లేకుండా నడవవు. దసరాకి నువ్వు కూడా రా. సింహపురి ఎక్స్‌ప్రెస్‌కి ముందే టికెట్లు చేయించు, పండగ ముందు దొరకవు. ముగ్గురం కూర్చుని 'గుండమ్మ కథ' చూద్దాం. సరోజ దగ్గరికి వచ్చినప్పుడు ఆపి, "నువ్వు సరోజవైతే ఏం చేసేదానివే?" అని పాపనే అడుగుదాం. అది ఏం చెప్తుందో నాకు వినాలని ఉంది. నీకు అప్పటికీ మనసొప్పకపోతే టీవీ కట్టేస్తాను, అలగను.

ఆవకాయ జాడీ వచ్చే వారం ఎవరైనా అటు వస్తుంటే పంపిస్తా. అల్లుడితో నేను విడిగా మాట్లాడతాను, ఆయన మనసు కష్టపెట్టుకుని ఉంటారు.

పాపకి ఉత్తరమంతా చదవకు, దానికి అర్థం కాదు. ఈ ఒక్క సంగతి మాత్రం నా మాటగా చెప్పు. ఆ ఆంటీని కొట్టినప్పుడు అమ్మమ్మకి నచ్చలేదని, వంటింట్లోంచి లేచి వచ్చి ఆ మాట దానికి చెప్పాల్సిందని, చెప్పలేదని.

ఆశీస్సులతో,
అమ్మ