చిత్రకళా, డిజైన్ కాలేజీల సంఘం: కార్యదర్శి వార్షిక నివేదిక, 2023–24

అధ్యక్షుల వారికి, కార్యవర్గ సభ్యులకు, కావలి దాకా శ్రమపడి వచ్చిన మీ అందరికీ నమస్కారం. నెల్లూరు వాళ్లకు ఒంగోలు దూరం, ఒంగోలు వాళ్లకు నెల్లూరు దూరం అని మీటింగులు కావలికి మార్చాం. ఇప్పుడు కావలి కూడా దూరమైపోయిన వాళ్లకు ఈ నివేదిక పోస్టులో వస్తుంది. కనీసం కవరు చించి చదవమని మనవి.

సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు మళ్లీ చెప్పక్కర్లేదు. కొత్తగా చేరిన వాళ్ల కోసం ఒక్క మాట. అమెరికా, కెనడాల్లో స్వతంత్ర ఆర్ట్ కాలేజీలు 1991లో ఇలాగే ఒక సంఘం కట్టుకున్నాయి. అక్కడి విద్యార్థి ఒక సెమిస్టర్ ఇంకో సభ్య కాలేజీకి వెళ్లి చదువుకోవచ్చు, ఫీజు మాత్రం సొంత కాలేజీకే కడతాడు. మనకు అంత సీను లేదు. మనలో కొందరివి డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలకు తయారుచేసే స్కూళ్లు, కొందరివి డిగ్రీ కాలేజీలు. ఒకరి మార్కులు ఇంకొకరి దగ్గర చెల్లవు. అందుకే మార్కుల జోలికి పోకుండా ఎచింగ్ ప్రెస్సునీ (లోహపు రేకు మీద గీసిన బొమ్మను కాగితం మీద అచ్చు వేసే యంత్రం), మాస్టార్లనీ, పిల్లల్నీ ఒకరికొకరు పంపుకుందాం అనుకున్నాం. ప్రెస్సు బాగానే తిరిగింది. పిల్లలు ఇంకా బాగా తిరిగారు. మాస్టార్ల సంగతి కింద రాశాను.

ఎచింగ్ ప్రెస్సు ఒక్కో చోట రెండు నెలలు ఉండాలన్నది మన తీర్మానం. ట్రాలీ ఆటోలో ఎక్కించడానికి ఆరుగురు కావాలి, దించడానికి ఎనిమిది మంది. ఎందుకో గానీ దించేటప్పుడే బరువెక్కుతుంది. డిసెంబర్ మొదటి వారంలో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు అది నెల్లూరులో కింది గదిలో ఉంది. గడప దాటి నీళ్లొస్తుంటే హాస్టల్ పిల్లలు రాత్రికి రాత్రి బెడ్డు విడదీసి, రోలర్‌కు గ్రీజు పూసి, పాత ఫ్లెక్సీ చుట్టి బల్లల మీదకు ఎక్కించారు. మరునాడు వెళ్లి చూస్తే ఆ ఫ్లెక్సీ మీద ఎవరిదో పుట్టినరోజు శుభాకాంక్షలు. ప్రెస్సుకు చుక్క తడి తగల్లేదు. ఆ పిల్లలకు సంఘం రుణపడి ఉంది. అయితే రోలర్ కింద వేసే ఫెల్టు, అంటే మందపాటి ఉన్ని గుడ్డ, ఫిబ్రవరి నుంచి కనబడటం లేదు. ఎవరి దగ్గరుందో నాకు ఇంచుమించుగా తెలుసు. పేరు రాయను. అది ఇస్త్రీ బల్ల మీద పరుచుకునే దుప్పటి కాదని మాత్రం చెప్పదలిచాను.

ఇక ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది ఉదయగిరి శిబిరం. సంక్రాంతి సెలవుల తర్వాత నాలుగు కాలేజీల పిల్లలు వింజమూరు మీదుగా ఆర్టీసీ బస్సులో వెళ్లారు. ఉదయగిరి చెక్క చెంచాలకు భౌగోళిక గుర్తింపు ఉందని మన డిజైన్ విద్యార్థులు పరీక్షల్లో రాస్తూనే ఉంటారు. చెంచా ఎలా పుడుతుందో చూసినవాడు మాత్రం ఒక్కడూ లేడు. అక్కడి పనివాళ్లు నర్ది, కలివి, బిక్కి చెక్కలు పక్కపక్కన పెట్టి, కళ్లు మూసుకుని తడిమి ఏది ఏదో చెప్పమన్నారు. మూడో ఏడాది అమ్మాయి ఒకతె మూడూ తప్పే చెప్పింది. సాయంత్రానికి మూడూ ఒప్పు చెప్పింది.

ఒంగోలు కుర్రాడొకడు కంప్యూటర్‌లో గీసుకొచ్చిన ఫోర్కు డిజైన్ చూపించాడు. ముళ్లు సన్నగా, చూడ్డానికి ముచ్చటగా ఉంది. పనివాళ్లలో ఒక పెద్దాయన ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, మాట్లాడకుండా చెక్క ముక్క చేతికిచ్చాడు. కుర్రాడు ఆకురాయి పట్టి గంటసేపు రుద్దాడు. రెండో ముల్లు విరిగింది. ఇంకో ముక్క ఇచ్చారు, అదీ విరిగింది. అప్పుడాయన, ‘ఏందబ్బాయా, చెక్కతో పోట్లాడతావుండావు? ఈనె ఎటు పోతావుందో చూడు, నువ్వూ అటే పో’ అన్నాడు. ఈనెకు, అంటే చెక్కలో పోయే గీతలకు, అడ్డంగా ముల్లు కోస్తే నిలవదని మనం బోర్డు మీద ఎన్నిసార్లు రాసినా ఎక్కలేదు. అక్కడ రెండు ముక్కలు విరిగితే ఎక్కింది. ఆ కుర్రాడి మూడో ఫోర్కు కాస్త లావుగా, కాస్త వంకరగా ఉంది. ఈరోజు బయట బల్ల మీద పెట్టాం, భోజనానికి వెళ్తూ చూడండి. చేత్తో పట్టుకోండి, ఫర్వాలేదు.

పనివాళ్లకు రోజు కూలి నష్టపోకుండా ఇవ్వాలని ముందే అనుకున్నాం, ఇచ్చాం. ‘నేర్చుకోవడానికొచ్చాం కదా, డబ్బులెందుకు’ అన్న సభ్యులు కూడా ఉన్నారు. వాళ్ల కాలేజీల్లో గెస్ట్ లెక్చరర్లకు ఎప్పుడిస్తారో, ఎంతిస్తారో నేనడగను.

మార్చి నెలాఖరులో ఒంగోలులో అనుకున్న పోర్ట్‌ఫోలియో రోజు సగమే నెరవేరింది. ఇంటర్ పిల్లలు తమ బొమ్మలు పట్టుకొస్తే, అన్ని కాలేజీల మాస్టార్లూ కూర్చుని చూసి మంచీచెడూ చెప్పడం, కడప ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ప్రవేశ పరీక్షకీ, డిజైన్ సంస్థల పరీక్షలకీ తేడా ఏమిటో వివరించడం మన ఉద్దేశం. హాలుకు అర్జీ పెట్టి రెండు నెలలు తిరిగాం. ఒక ఆఫీసులో ఫైలు పైకెళ్లిందన్నారు, ఇంకో ఆఫీసులో కిందికొచ్చిందన్నారు. మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చింది. అంతే, ‘ఇప్పుడు కుదరదండీ’ అన్నారు. పిల్లలు బొమ్మ గీస్తే కోడ్‌కు ఏం అడ్డమని అడిగితే జవాబు లేదు. చివరికి ఒక సభ్యుడి డాబా మీద షామియానా వేసి జరిపాం. ఎండకు పోస్టర్ కలర్ బ్రష్షు మీదే ఎండిపోయింది. అయినా పిల్లలు ఒక్కరూ లేచి పోలేదు.

ఆ రోజు ఎవరూ సొంత కాలేజీ గురించి చెప్పుకోకూడదన్నది నియమం. ఒకరు షామియానా వెనక నిలబడి కరపత్రాలు పంచారు. తల్లిదండ్రులు నాకే తెచ్చిచ్చారు. ఇంకోసారి ఇలా జరిగితే కార్యవర్గం చూస్తూ ఊరుకోదు.

ఇప్పుడు మాస్టార్లు. నెలకో శనివారం ఒక మాస్టారు ఇంకో కాలేజీలో పాఠం చెప్పాలి. జాబితా రాసిందీ మీరే, సంతకం పెట్టిందీ మీరే. మార్కాపురంలో పలకల పరిశ్రమ పిల్లలకు చూపించి, ఆ రాతి మీద చెక్కడం నేర్పుతానన్న మిత్రుడు మూడు శనివారాలూ రాలేదు. పిల్లలు వచ్చి కూర్చున్నారు. నాకు వచ్చింది వాటర్ కలరే కాబట్టి అదే చెప్పి పంపాను. ఎలక్షన్ డ్యూటీ పడినవాళ్లను అనడం లేదు, జూలైలో ఏ ఎలక్షన్లు ఉన్నాయని?

జమాఖర్చులు ఆడిటర్ గారు చూశారు, కాపీ మీ ఫైల్లో ఉంది. చందా బాకీలు గోడకు అంటించాం, చదువుకోండి. సొసైటీల చట్టం ప్రకారం రిజిస్ట్రార్‌కు పంపాల్సిన జాబితా ఈ సభ తర్వాత 15 రోజుల్లో పంపుతాం, సంతకాలు పెట్టకుండా బస్సెక్కొద్దు.

ఉదయగిరి చేతిపనివారికి, అర్ధరాత్రి ప్రెస్సు మోసిన పిల్లలకు, డాబా ఇచ్చిన సభ్యుడికి, ఆయన ఇంట్లో అంతమందికి మజ్జిగ కలిపిన అమ్మకు, బాడుగలో సగం వదిలేసిన ట్రాలీ ఆటో డ్రైవర్‌కు, తిట్టకుండా లెక్కలు రాసిన కోశాధికారి గారికి కృతజ్ఞతలు.

వచ్చే నెల మొదటి ఆదివారం ప్రెస్సు ఒంగోలు నుంచి కందుకూరు పోవాలి. ఎక్కించడానికి ఆరుగురి పేర్లు కావాలి. కాగితం తలుపు దగ్గర పెట్టాం. ఇప్పటిదాకా నా పేరు, ఆటో డ్రైవర్ పేరు ఉన్నాయి.

కార్యదర్శి