రెయిలింగ్ ఎక్కించే పెద్దలకూ జరిమానా వేయాలి

సంపాదకులకు,

సెల్ఫీ కోసం పసివాణ్ణి పులి ఎన్‌క్లోజర్ రెయిలింగ్ మీద నిలబెట్టి, ఒంటిచేత్తో నడుం పట్టుకున్న తండ్రిని మొన్న జూలో చూశాను. వద్దంటే ‘మేం చూసుకుంటాంలెండి’ అన్నాడు.

2016 మేలో అమెరికాలోని సిన్సినాటి జూలో 3 ఏళ్ల బాబు కంచె దాటి గొరిల్లా కందకంలో పడ్డాడు. మత్తు సూది వెంటనే పనిచేయదు కాబట్టి, బాబును కాపాడేందుకు హరాంబే అనే 17 ఏళ్ల గొరిల్లాను కాల్చి చంపారు. పాపం, దాని తప్పేముంది? తర్వాత అక్కడ కంచె ఎత్తు పెంచారు.

జూలో జంతువులను వేధించడం మన వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమే. పిల్లలు రాళ్లు విసురుతుంటే నవ్వుతూ వీడియో తీసే పెద్దలకు, రెయిలింగ్ ఎక్కించే వాళ్లకు అక్కడికక్కడే జరిమానా వేయాలి. సెలవు రోజుల్లో పులులు, సింహాల దగ్గర అదనపు సిబ్బందిని పెట్టాలి.

– ఒక పాఠకుడు, వరంగల్