వ్యాయామానికి అడ్డం బద్ధకమేనా?
నవంబరు వార్తాలేఖ

తల్లిదండ్రులకు నమస్కారం.

మొన్నటి సమావేశంలో "మీలో రోజూ వ్యాయామం చేసేవారెవరు?" అని అడిగితే అందరూ నవ్వి ఊరుకున్నారు. తర్వాత ఒక్కొక్కరే వచ్చి చెప్పిన కారణాలు విన్నాక బద్ధకమని కొట్టిపారేయలేకపోయాను.

ఇవి సార్వా కోతల రోజులు. రోడ్డులో సగం ధాన్యం కళ్లమే. అంచున రాళ్లు పేర్చి, పైన బరకాలు కప్పి ఉంటాయి. మిగిలిన సగం ట్రాక్టర్లది. మంచు కురిసే వేళ ఆ దారిన నడవమని ఎవరికి చెప్పను? కాలువ గట్టు ఎక్కితే కుక్కలు వెంటపడతాయి. వానాకాలమైతే గట్టు మీద బురద కాలు తీయనివ్వదు.

తల్లుల ఇబ్బంది వేరు. వంట ముగించి క్యారేజీలు కట్టేసరికి స్కూలు వ్యాను వచ్చేస్తుంది. సాయంత్రం నాలుగడుగులు వేద్దామంటే అరుగు మీద నుంచి "ఏమ్మా, షుగరు వచ్చిందా?" అని పలకరింపు. ఆ ఒక్క మాటకే నడక మానేసినవారున్నారు. అడిగేవారు కాస్త నోరు అదుపులో పెట్టుకుంటే బాగుండును!

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాలు, 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శ్రమ అవసరమంటోంది. ఒక్కో విడత 10 నిమిషాలకు తగ్గకూడదన్న పాత షరతును 2020లో ఎత్తేసింది. కాబట్టి సంతకు చురుగ్గా నడిచి వెళ్లినా లెక్కలోకి వస్తుంది.

నన్ను ఎక్కువగా బాధపెడుతున్నది మన ఆడపిల్లల సంగతి. ఆరో తరగతిలో కబడ్డీ కూతకు వెళ్లిన పిల్లలే తొమ్మిదికి వచ్చేసరికి గీత బయట నిలబడి స్కోరు రాస్తున్నారు. "ఇంత పెద్దపిల్లవయ్యాక ఇంకా గంతులేమిటి?" అని ఇంట్లో అంటున్నారట. దయచేసి అనకండి. వ్యాయామం పీరియడును లెక్కలకు వాడుకోవద్దని మా ఉపాధ్యాయులకూ గట్టిగానే చెప్పాను. ట్యూషన్లు ఆరు తర్వాత పెట్టించగలిగితే పిల్లలకు బడి అయ్యాక గంట ఆట దక్కుతుంది.

సోమవారం నుంచి మైదానం గేటు ఉదయం 5:30 నుంచి 6:45 వరకు మీ కోసం తెరిచి ఉంటుంది. కాపలా మనిషి ఉంటారు. నీళ్లు నిలిచే మూల మెరక చేయించాం. సాయంత్రం 4:30 నుంచి 5:30 వరకు మహిళలకు మాత్రమే. బూట్లు లేకపోయినా ఫరవాలేదు, చీరతోనే రండి. బైకులు మాత్రం గేటు బయటే ఆపాలి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయిని