గర్భసంచితోపాటు ఇంకేం తీసేశారో మా ఆడవాళ్ళకు చెప్పించండి

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

అయ్యా, కోనసీమ లంక గ్రామాల్లో ముప్పై ఏళ్ళు ఏఎన్ఎంగా చేసి రిటైరయ్యాను. టీకాల డబ్బా భుజాన వేసుకుని రేవు దాటని వారం లేదు. అన్నేళ్ళూ కాన్పుల లెక్క రాశాను, టీకాల లెక్క రాశాను. ముట్లుడిగిన ఆడవాళ్ళ లెక్క మాత్రం ఎవరూ అడగలేదు, నేనూ రాయలేదు.

మా చెల్లికి 34 ఏళ్ళప్పుడు గర్భసంచి తీసేశారు. నెలనెలా బ్లీడింగ్ ఎక్కువవుతోందని ఒక ప్రైవేటు ఆస్పత్రికి వెళ్ళాం. స్కానింగ్ తీసి, "పిల్లలు పుట్టేశారు కదమ్మా, ఇంక ఆ సంచితో పనేముంది? ఉంచుకుంటే క్యాన్సరవుతుంది" అన్నారు. ముందు మందులు వాడి చూద్దామని ఎవరూ అనలేదు. సంతకం పెట్టేటప్పుడు పక్కనే ఉన్న నేనూ అనలేదు.

నెల తిరక్కుండానే ఆవిర్లు మొదలయ్యాయి. ధనుర్మాసం చలిలో అర్ధరాత్రి లేచి, చెమటతో తడిసిన జాకెట్టుతో అరుగు మీద కూర్చునేది. నిద్ర పోయింది. చీటికీ మాటికీ పిల్లల మీద అరిచి, వెంటనే ఏడ్చేది. ఒకరోజు నా చెయ్యి పట్టుకుని, "అక్కా, చెంబు కళ్ళెదురుగా కనపడుతోంది గానీ దాని పేరు నోటికి రావట్లేదే" అంది. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఇంట్లోవాళ్ళు గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. కొబ్బరి పీచు పనికి వెళ్ళడం మానేసింది.

ఏడేళ్ళ తర్వాత, పెరట్లో జారిపడి మణికట్టు విరిగితే వేరే ఆస్పత్రికి తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరమ్మగారు పాత డిశ్చార్జి కాయితం చూసి, "అండాశయాలు కూడా రెండూ తీసేశారు, మీకెవరూ చెప్పలేదా?" అన్నారు. టీఏహెచ్, బీఎస్‌ఓ అని రెండు ముక్కలు రాసి ఉన్నాయి. మొదటిది గర్భసంచి తీసినట్టు. రెండోది రెండువైపులా అండాశయాలు, అండవాహికలు తీసినట్టు. ఏఎన్ఎంనై ఉండి ఆ కాయితం నేను ఒక్కసారి విప్పి చూడలేదు.

అండాశయాలు పిల్లల కోసమేనని అందరం అనుకుంటాం. కానీ వాటి నుంచి వచ్చే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ మెదడులోకీ వెళుతుంది. ఒంటి వేడిని అదుపులో ఉంచే హైపోథాలమస్ మీద, జ్ఞాపకాలకు ఆధారమైన హిప్పోకాంపస్ మీద, మనసుకు నిలకడనిచ్చే సెరటోనిన్ మీద పనిచేస్తుంది. ప్రొజెస్టెరాన్ అనే ఇంకో హార్మోన్ నుంచి తయారయ్యే పదార్థం మెదడును నెమ్మదిపరుస్తుంది. నెలసరికి ముందు రోజుల్లో ఈ హార్మోన్లు తగ్గేటప్పుడు కొందరికి చిరాకూ దిగులూ వచ్చేది అందుకే. కాన్పయిన నాలుగైదు రోజుల్లో చాలామంది బాలింతలు కారణం లేకుండా కన్నీళ్ళు పెట్టుకోవడం వెనకా వీటి పతనమే ఉంది. ఇది పొగరు కాదు, దెయ్యమూ కాదు.

మన డెల్టా రైతుకు ఇది ఇట్టే అర్థమవుతుంది. దాళ్వాలో నీళ్ళు తక్కువైతే వంతులు పెడతారు, చేను ఎలాగో ఓర్చుకుంటుంది. అదే పొట్ట మీదున్న చేనుకు ధవళేశ్వరంలో ఒక్క రాత్రిలో కాలవ కట్టేస్తే? మన దేశంలో ఆడవాళ్ళకు సగటున 46, 47 ఏళ్ళకు ముట్లు ఆగిపోతాయి. దానికి కొన్నేళ్ళ ముందునుంచే హార్మోన్లు ఎగుడుదిగుడుగా తగ్గుతూ వస్తాయి. అండాశయాలు కోసేస్తే అన్నేళ్ళ తగ్గుదలా ఒక్క పూటలో వచ్చిపడుతుంది. 45 ఏళ్ళలోపు అలా తీసేసి ఈస్ట్రోజెన్ ఇవ్వకుండా వదిలేస్తే ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు, ముసలితనంలో మతి తప్పడం లాంటి ముప్పులు పెరుగుతాయని పరిశోధనలు చెబుతున్నాయి. సంచి మాత్రమే తీసి అండాశయాలు ఉంచినా, కొందరిలో అవి ముందే పనిచేయడం మానేస్తాయి. రొమ్ము క్యాన్సర్ లాంటి అడ్డంకి లేనివాళ్ళకు మామూలుగా ముట్లుడిగే వయసు దాకా హార్మోన్ మందు ఇవ్వవచ్చు. మా చెల్లికి ఏడేళ్ళపాటు ఎవరూ ఆ మాటే ఎత్తలేదు.

క్యాన్సర్ వచ్చినా, ఏ మందుకూ రక్తం ఆగకపోయినా ఆ ఆపరేషనే ప్రాణం నిలబెడుతుంది. దాన్ని నేను తప్పుపట్టడం లేదు. కానీ 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే, మన రాష్ట్రంలో 8.9 శాతం. మన ఆడవాళ్ళకే అంత ఎక్కువగా జబ్బులున్నాయంటే నేను నమ్మను. అనవసరపు ఆపరేషన్లు ఆపడానికి కేంద్రం 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. జిల్లా స్థాయిలో పర్యవేక్షణ కమిటీలు ఉండాలని వాటిలో ఉంది. మా జిల్లా కమిటీ ఏం చూసిందో, ఎన్ని కేసులు పరిశీలించిందో అందరికీ కనపడేలా పెట్టించండి.

ఇంకో మాట. ఆపరేషన్‌కు ముందు సంతకం తీసుకునే కాయితం తెలుగులో ఉండాలి. సంచి ఒక్కటేనా, అండాశయాలు కూడానా అన్నది పెద్దక్షరాలతో రాసి, చదివి వినిపించాలి. ఇంటింటికీ వెళ్ళి బీపీ, షుగరు చూసే ఆశా అమ్మాయిల చేత ఈ ఒక్క ప్రశ్న అడిగించండి: "అమ్మా, నీకు ఆపరేషన్ ఏ వయసులో అయింది, అండాశయాలు ఉన్నాయా?" తెలియదన్నవాళ్ళ పాత కాయితాలు డాక్టరుకు చూపించాలి. ఏరియా ఆస్పత్రిలో వారానికి ఒక పూటైనా వీళ్ళ కోసం ఓపీ పెట్టి, ఎముకల పరీక్ష, హార్మోన్ మందు అక్కడే అందేలా చూడండి.

మా వీధిలోనే నలభై దాటకముందే ఈ ఆపరేషన్ అయినవాళ్ళు నలుగురున్నారు. మొన్న వాళ్ళ కాయితాలు అడిగాను. ఒకామెది వరదలో పోయింది. ఇద్దరివి దొరికాయి, ఒకదాని మీద బీఎస్‌ఓ అని ఉంది. ఆమెకు ఇంకా చెప్పలేదు. చెప్పాక చికిత్సకు ఎక్కడికి తీసుకెళ్ళాలో నాకు తెలియాలి కదా.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఏఎన్ఎం,
కోనసీమ