ఇంటి నెట్‌కు సొంత అడ్రసు లేదని ముందే చెప్పాలి

అయ్యా,

మొన్న వేసవి సెలవులకు తెనాలి నుంచి మా బావమరిది కొడుకు వచ్చి, మారతహళ్ళిలో మా ఇంట్లో ఇరవై రోజులున్నాడు. వాడూ మావాడూ కలిసి మైన్‌క్రాఫ్ట్ అనే కంప్యూటర్ ఆటలో ఒక ఊరే కట్టేశారు. ఒకడు తన ల్యాప్‌టాప్‌లో 'ఓపెన్ టు ల్యాన్' నొక్కితే చాలు, రెండోవాడి తెర మీద ఆ ఆట దానంతటదే కనిపించేది. ఇద్దరిదీ ఒకే వైఫై కదా. పిల్లాడు తెనాలి వెళ్ళిపోయాక మొదలైంది అసలు తంటా. "నాన్నా, బావ అక్కడి నుంచే ఆడేలా చెయ్యి" అని మావాడు ఒకటే పోరు.

నేను అకౌంట్స్ మనిషిని. అయినా సరేనని కూర్చున్నాను. రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ అని ఒకటుంది. బయటి నుంచి ఫలానా నంబరు మీద ఎవరైనా వస్తే ఇంట్లో ఫలానా కంప్యూటర్‌కు పంపమని చెప్పిపెట్టడం. మైన్‌క్రాఫ్ట్ సర్వర్‌కు మామూలుగా ఆ నంబరు 25565. రెండు రాత్రులు మేలుకుని అన్నీ సరిగ్గా పెట్టినా తెనాలిలో మాత్రం 'కనెక్షన్ టైమ్‌డ్ అవుట్' అనే వచ్చింది.

మూడో రాత్రి మావాడే కనిపెట్టాడు. రూటర్ పేజీలో మా ఇంటి నెట్ అడ్రసు, అంటే ఐపీ నంబరు, 100.72తో మొదలవుతోంది. మా ఐపీ ఎంతని నెట్‌లో వెతికితే ఇంకేదో నంబరు వస్తోంది. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న అడ్రసులను నెట్ కంపెనీలు లోపల వాడుకోవడానికని 2012లోనే విడిగా పెట్టారట. బయటివాళ్ళకు అవి కనపడవు. ఒక్క పబ్లిక్ అడ్రసును ఎన్నో ఇళ్ళకు కలిపి ఇస్తున్నారన్నమాట. దీని పేరు సీజీన్యాట్.

పెళ్ళికి ముందు నేను మడివాళలో ఒక పీజీలో ఉండేవాణ్ణి. ఫోన్ ఒక్కటే, అదీ ఓనర్ గదిలో. రూపాయి ఇచ్చి బయటికి ఎవరైనా చేసుకోవచ్చు. ఊరి నుంచి మా అమ్మ చేసి "మా పెద్దోణ్ణి పిలవండి బాబూ" అంటే, "ఏ పెద్దోడమ్మా, ఇక్కడ ముప్పై మంది ఉన్నారు" అని పెట్టేసేవాడాయన. మా ఇంటి నెట్ పరిస్థితి ఇప్పుడు అచ్చం అదే.

తప్పంతా కంపెనీలదే అననులెండి. పాత పద్ధతి ఐపీ అడ్రసులు మొత్తం కలిపినా సుమారు 430 కోట్లే. మన ఆసియా పసిఫిక్ ప్రాంతానికి వాటిని పంచే ఏపీనిక్ దగ్గర 2011 ఏప్రిల్‌కే ధారాళంగా ఇచ్చే రోజులు అయిపోయాయి. కొరత నిజమే. కానీ ఆ సంగతి కనెక్షన్ అమ్మేటప్పుడు చెప్పరెందుకు? కరపత్రం మీద స్పీడు ఎంతో, ఏ ఓటీటీలు ఉచితమో పెద్దక్షరాల్లో ఉంటుంది. అడ్రసు మీదా, పదిమందిదా అన్న మాట ఎక్కడా ఉండదు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే "స్టాటిక్ ఐపీ (మారని సొంత అడ్రసు) బిజినెస్ కనెక్షన్లకే సార్" అన్నారు.

కొరతకు మందుగా వచ్చిన కొత్త పద్ధతి ఐపీవీ6లో ప్రతి ఇంటికీ అడ్రసులు పుష్కలం. 2022 డిసెంబరు 31 తర్వాత ఇచ్చే కొత్త వైర్‌లైన్ కనెక్షన్లన్నీ దానికి తగ్గట్టు ఉండాలని టెలికాం శాఖ చెప్పింది కూడా. మా ఆవిడ ఫోన్‌లో సిమ్ డేటా మీద చూస్తే ఐపీవీ6 అడ్రసు శుభ్రంగా వచ్చింది. ఇంటి రూటర్‌లో మాత్రం అది ఆఫ్‌లో ఉంది. ఆన్ చేయమంటే, వచ్చిన టెక్నీషియన్ "వద్దు సార్, నెట్ స్లో అయిపోద్ది" అన్నాడు. మా దగ్గరున్న లాగిన్‌తో అది మారదు, రూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ అతని దగ్గరే.

ఆటలే కదా అని తీసిపారేయకండి. నాకు టెన్షన్ పెట్టింది పిల్లలు వెతుక్కున్న అడ్డదారులు. ఒక వీడియోలో, బయటివాళ్ళు కంప్యూటర్‌లోకి చొరబడకుండా ఆపే ఫైర్‌వాల్‌ను పూర్తిగా ఆపేయమన్నాడు, ఇంకోడు ఊరూపేరూ లేని ప్రోగ్రాం వేసుకోమన్నాడు. నేను చూడబట్టి సరిపోయింది. చివరికి ఆఫీసులో ఒకతను చెబితే టెయిల్‌స్కేల్ వేశాం. రెండు ఊళ్ళ కంప్యూటర్లనూ ఒకే ఇంట్లో ఉన్నట్టు కలిపే ప్రైవేటు నెట్‌వర్క్ అది. బయటికి తలుపు తెరిచే పని లేదు. ల్యాన్ ఆట దానంతటది కనిపించదు, అడ్రసు చేత్తో కొట్టాలి, అంతే. కాకపోతే రెండు కంప్యూటర్లకూ నేరుగా దారి దొరకనప్పుడు మధ్యలో ఇంకో సర్వర్ మీదుగా వెళ్తుంది. అప్పుడు తెనాలివాడు గొడ్డలి ఎత్తితే చెట్టు కాసేపాగి పడుతుంది.

అమ్మేముందే అడ్రసు సంగతి ప్లాన్ వివరాల్లో రాయాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కంపెనీలకు చెప్పాలి. కొత్త కనెక్షన్ ఇచ్చేరోజే ఐపీవీ6 ఆన్ చేసి, పాస్‌వర్డ్ ఇంటివాళ్ళ చేతికివ్వాలి. నేను పెట్టిన ఫిర్యాదునైతే ఇప్పటికి రెండుసార్లు 'పరిష్కరించాం' అని మెసేజ్ పంపి మూసేశారు. మూడోది నిన్న పెట్టాను.

– ఒక పాఠకుడు, మారతహళ్ళి, బెంగళూరు